ఎనిమిది మంది కూర్చునే బల్ల

ఆ గురువారం ఉదయం గిలీస్ వంటింట్లో సింకు దగ్గర నిలబడి బ్రెడ్డుముక్క నములుతూ, ఈరోజు ఎలాగైనా పెద్ద కొట్లూ పెద్దాసుపత్రీ ఉన్న ఇన్వర్‌కార్గిల్ పట్నం వెళ్లి రంపం కొనుక్కురావాలని నిశ్చయించుకున్నాడు. మామూలు రంపం కాదు. ఇనప పట్టీ మీద జారుతూ వెంట్రుకవాసి తేడా రాకుండా కోసే కరెంటు రంపం. దానికి జోడుగా చెక్కలో అతుకు గాడి తొలిచే మిషను. రెండింటికీ మనిషి ఎక్కి నిలబడినా చలించని గట్టి పెట్టెలు. చాలాకాలంగా వాటి బొమ్మలున్న పుస్తకం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. వాటికోసం పడవ అమ్మేశాడు. పడవలో రెండో మనిషి లేనప్పుడు, చేప పడితే మాత్రం ఎవరికి చూపిస్తాడు?

రెండో మనిషి అతని భార్య మోరాగ్. ఆవిడ పోయి రెండు చలికాలాలు దాటాయి. బతికున్నన్నాళ్లూ ఎనిమిది మంది కూర్చునే భోజనాల బల్ల కావాలని పోరింది. ఉన్నది ఇద్దరం, ఎనిమిది మందికి ఎందుకని ఇతను కొట్టిపారేశాడు. ఇప్పుడు ఇద్దరు కూడా కాదు, ఒక్కడే. ఒంటరివాడికి బల్ల దేనికి, సింకు చాలదా అంటే, గిలీస్ ఆలోచన వేరు. "నాకు పొద్దుపోవడం లేదు, మా ఇంటికి రండి" అని పిలవాలంటే అతనికి నోరు రాదు. వాళ్ల ఊరు రివర్టన్‌లో మగవాడు ఆ మాటంటే తిన్నగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. "బల్ల చేశాను, చూసిపోండి" అంటే మాత్రం అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కొట్లో అమ్మాయి అరగంట సేపు అన్నీ విడమరచి చెప్పింది. గిలీస్ ప్రతిదానికీ తలూపాడు. సగం అర్థమైంది, మిగతా సగం అర్థమైనట్టు ఊపాడు. అంతసేపు ఒక మనిషి అతనితో మాట్లాడి చాలాకాలమైంది, అందుకని రంపపు పొడి పీల్చే మిషను గురించి కూడా మళ్లీ చెప్పించుకున్నాడు. ఆ మొహమాటానికి అది కూడా కొన్నాడు.

తిరిగొస్తూ ఊళ్లో కలప అడితీ దగ్గర ఆగాడు. అక్కడ నోలీన్ పరాటా కనబడింది. ముప్పయ్యేళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఇప్పుడు ఊళ్లో శవపేటికల క్లబ్బు నడుపుతోంది. బుధవారం బుధవారం పెద్దవాళ్లంతా ఒక షెడ్డులో చేరి, ఎవరి పెట్టె వాళ్లు చేసుకుని, ఇష్టమైన రంగులు వేసుకుని, టీ తాగి వెళ్తారు. పోయాక పిల్లలకు ఖర్చు మిగులుతుంది, బతికుండగా వీళ్లకు కబుర్లు మిగులుతాయి. గిలీస్‌ని కూడా పిలిచారు గానీ, నాకింకా అంత తొందరేం లేదని వెళ్లలేదు.

"ఏం గిలీస్, ఎంత పొడవు కోయిస్తున్నావు?" అంది నోలీన్.

"ఆరున్నర అడుగులు."

నోలీన్ అతన్ని తల నుంచి కాళ్లదాకా చూసింది. గిలీస్ ఆరడుగుల పైన ఒక్క అంగుళం ఉంటాడు.

"రిమూ చెక్కా? ఖరీదైందే తీసుకుంటున్నావు."

"జన్మకొకసారి చేసేదే కదా."

"మా షెడ్డుకి రాకూడదూ? అందరం తలో చెయ్యి వేస్తాం."

"వద్దు తల్లీ. మోరాగ్ పోయినప్పట్నుంచీ అనుకుంటున్నాను, నా చేత్తో నేనే చేయాలి. నా పాత ఉలులూ, చేతిరంపాలూ మీ క్లబ్బుకి పంపిస్తాను. నాకిక వాటితో పనిలేదు. అయ్యేదాకా ఎవరితోనూ అనకు."

ఎవరితోనూ అనకు అన్నది, పని చెడితే ఊరంతా నవ్వుతుందన్న భయంతో. నోలీన్‌కి వేరేగా అర్థమైంది. మనిషి చిక్కిపోయాడు. పడవ అమ్మేశాడు. పనిముట్లు పంచిపెడుతున్నాడు. ఇప్పుడు తన పొడవుకు చెక్కలు కోయిస్తున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఎవరితోనూ అననని మాటిచ్చి, సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేసింది.

ఆ ఊళ్లో పోబోయే మనిషిని, పోతున్నావట కదా అని అడగడం మర్యాద కాదు. కాబట్టి అందరూ వంటలు మొదలుపెట్టారు.

మర్నాడు గిలీస్ మొదటి చెక్క కోశాడు. రంపం వెన్నలో కత్తిలా దిగింది. అంచు మీద వేలితో రాస్తే గాజు మీద రాసినట్టుంది. "చూశావా?" అంటూ వెనక్కి తిరిగాడు. వెనక పొడి పీల్చే మిషను తప్ప ఎవరూ లేరు. రంపం ఆపి, ఆ అంచుని తనే మరోసారి తడిమి చూసుకున్నాడు.

అప్పుడే పక్కింటి క్లైడ్ చీజ్ రోల్స్ పళ్లెంతో వచ్చాడు. ఏడాదిగా గోడ మీంచి చెయ్యి ఊపడమే తప్ప గడప తొక్కని మనిషి.

"గురూ, ఇవి వేడిగా ఉన్నాయి, తినేయ్. నీ గడ్డి కూడా నేనే కోసేస్తాలే." గొంతు తగ్గించి అడిగాడు. "నిన్న ఇన్వర్‌కార్గిల్ వెళ్లొచ్చావట. ఎంతకాలం అని చెప్పారు?"

"మూడేళ్లు రాసిచ్చారు. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు కూడా రావచ్చట."

"వాళ్లు అలాగే చెప్తార్లే," అని క్లైడ్ అతని భుజం నొక్కి వెళ్లిపోయాడు.

గిలీస్‌కి అనుమానం తగిలింది. ఊరికే ఎవరైనా గడ్డి కోస్తారా? గ్యారంటీ సంగతి వీడికెందుకు? కొత్త రంపం వచ్చిందని వాసన పట్టినట్టున్నాడు, అరువడగడానికి దారి వేసుకుంటున్నాడు. పని కాగానే రంపాన్ని పెట్టెలో పెట్టి, మంచం కిందికి తోసి, దుప్పటి అంచు కిందికి లాగాడు.

ఆ తర్వాత జనం వరస కట్టారు. గుడ్లూ బేకనూ కూరి కాల్చిన పై రొట్టె ఒకరు, ఉప్పులో ఊరబెట్టిన టీటీ అనే సముద్రపక్షి మాంసం ఒకరు, కూర గిన్నె ఒకరు. చివరికి పాస్టరుగారు కూడా వచ్చి, టీ తాగి, "నీకు బాగా నచ్చే పాటేది గిలీస్?" అని మెల్లిగా అడిగారు. చర్చి బెంచీలు ఊగుతున్నాయని గిలీస్‌కి తెలుసు. దేవుడి మనిషికి కూడా నా రంపం మీదే కన్ను అనుకుని, గాడి మిషనును కూడా మంచం కిందికి పంపాడు.

అయితే చిత్రమేమిటంటే, దొంగలని తెలిసి కూడా వాళ్లకోసం ఎదురుచూడడం మొదలుపెట్టాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, రెండు కప్పులు కడిగి పెట్టుకునేవాడు. వాళ్లు వెళ్లాక మాత్రం ఇల్లు మునుపటికంటే ఎక్కువ బోసిపోయేది. పోనీ రంపమే అడగనీ, ఇచ్చేద్దాం, తీసుకున్నవాడు తిరిగివ్వడానికైనా వస్తాడు కదా అన్నంతదూరం వచ్చాడు.

నోలీన్ పావ్‌లోవా కేకు తెచ్చిన రోజున తెగించాడు. "ఆదివారం అందర్నీ తీసుకురా. ఆ మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది."

నోలీన్ కుర్చీ పట్టుకుంది. "ఇంత తొందరగానా?"

"ఇంకా సాగదీస్తే నాకు ఓపిక లేదు."

శనివారం గిలీస్ బల్లకి కాళ్లు బిగించాడు. పైచెక్క అద్దంలా వచ్చింది గానీ ఒక కాలు పొట్టి. మిగతా మూడింటినీ దానికి సరిచేశాడు, ఇంకోటి పొట్టిదైంది. రంపం వెంట్రుకవాసి తప్పకుండా అతను గీసిన చోటే కోసింది. తప్పు గీసింది గిలీస్. సాయంత్రానికి నాలుగు కాళ్లూ సమానమయ్యాయి, బల్ల పిల్లి కూర్చునే ఎత్తుకు దిగింది. ఏడుపొచ్చి కాళ్లు ఊడబీకి పొయ్యిలో పెట్టాడు. క్లైడ్ గోడ అవతల నిలబడి రంపం చప్పుడు ఆగిపోవడం విన్నాడు. వెళ్లి నోలీన్‌కి చెప్పాడు. "పాపం, చేతకాలేదు. ఓపికైపోయినట్టుంది."

ఆదివారం మధ్యాహ్నం ఏడుగురు వచ్చారు. అందరూ నల్లబట్టలు. ముగ్గురి చేతుల్లో రెండేసి పళ్లేలు. వాళ్ల వెనక, మిగతా నలుగురు మోసుకొస్తున్న ఒక శవపేటిక. దాని మీద నీలం సముద్రం, సముద్రంలో గిలీస్ అమ్మేసిన పడవ.

"నువ్వు పూర్తిచేయలేవని మేమే చేసేశాం," అంది నోలీన్, ముక్కు చీదుతూ. "రాత్రంతా రంగు ఆరలేదు, ముట్టుకోకు."

గిలీస్ పెట్టెను చూశాడు. వాళ్లు గ్యారేజీలో నేలమీద పడున్న చెక్కను చూశారు.

"అదేంటి?" అన్నాడు క్లైడ్.

"భోజనాల బల్ల."

నలుగురూ పెట్టెను మెల్లిగా కిందికి దించారు.

"అయితే నువ్వు చావట్లేదా?" అంది నోలీన్.

"ఈ వారం అనుకోలేదు."

"మూడేళ్లన్నావు," అన్నాడు క్లైడ్ కోపంగా. "గడ్డి కోశాను."

"అది రంపానికి గ్యారంటీ. మీరు దానికోసమే కదా వస్తున్నారు?"

"నీ రంపం ఎవడిక్కావాలయ్యా?"

అందరూ తలలు దించుకున్నారు. బతికున్నవాడి ఇంటికి ఏ మొహం పెట్టుకుని వచ్చామా అన్నట్టు, పళ్లేలు పట్టుకుని మెల్లిగా గేటువైపు తిరిగారు. గిలీస్ గబగబా గేటుకి అడ్డం వెళ్లాడు. ఇప్పుడు వెళ్తే మళ్లీ రారు.

"వెళ్లకండి," అన్నాడు. "బల్ల మీకోసమే చేశాను. ఒక్కడినీ తినలేకపోతున్నాను. అది చెప్పడం చేతకాక ఇదంతా."

నోలీన్ అతన్ని పైనుంచి కిందిదాకా మళ్లీ చూసింది. ఈసారి కొలత కోసం కాదు.

"ఆ మాట ముందే ఏడవచ్చుగా మహానుభావా," అంది. "ఆ పెట్టె లోపలికి పట్టండి. ఏదైనా ఎత్తు కావాలి దాని కిందికి."

గిలీస్ మంచం కిందనుంచి రంపం పెట్టె, మిషను పెట్టె లాక్కొచ్చాడు. తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి. వాటిమీద శవపేటిక. దానిమీద రిమూ చెక్క. ఎనిమిది మందీ మోకాళ్లు పక్కకి తిప్పుకుని కూర్చున్నారు. పాస్టరుగారు అంత్యక్రియలదా, భోజనానిదా, ఏ ప్రార్థన చదవాలో తెలియక, రెండూ సగం సగం చదివారు. చీజ్ రోల్స్ అందరికీ సరిపోయాయి.

ఇప్పుడు క్లబ్బు బుధవారాలు గిలీస్ ఇంట్లోనే. వచ్చినవాళ్లంతా బల్ల నున్నగా ఉందని మెచ్చుకుని, దానికి కాళ్లు ఎప్పుడు చేస్తావని అడుగుతారు. చేయడానికేం అభ్యంతరం లేదంటాడు గిలీస్, కానీ కిందనుంచి రంపం పెట్టె తీస్తే బల్ల పడిపోతుంది.