సూర్యుడికి అంటించిన నోటీసు

లోకంలో ఏది పోయినా పోగొట్టినవాడు ఒక్కడే: తాళంచెవి చేతిలో ఉన్నవాడు. ఈ ధర్మసూక్ష్మం మీదే ఆకాశ నిల్వల శాఖ చీకూచింతా లేకుండా నడుస్తోంది.

ఆ శాఖలో ఫైళ్ళు చూసే ఆవిడని అందరూ అక్కా అనేవారు. ఆవిడ సొంత తమ్ముడు ధ్రువం దగ్గర, మంచులో కట్టిన కేంద్రంలో ఓజోను కొలిచేవాడు. ఓజోనంటే మరేం కాదు, ఎండలోని విషం మన ఒంటిదాకా రాకుండా పైన గొడుగులా అడ్డంపడే గాలి. కేంద్రం చార్జి కూడా అతనిదే. చార్జి తీసుకున్నవాడు కుర్చీలు, బకెట్లు, పొయ్యి, నెత్తిమీది ఓజోను, ఉన్నవి ఉన్నట్టు అప్పగించాకే ఓడెక్కాలి. (బకెట్ల పక్కన ఓజోన్ని చేర్చిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి వెంటనే ప్రమోషన్ వచ్చింది.)

ఇక్కడ మరదలికి నెలలు నిండాయి. చలికాలం ముందు ఆఖరి ఓడ రాబోతోంది. సరిగ్గా అప్పుడే సూర్యుడు ఒళ్ళు విదిలించాడు. రాలిన ప్రోటాన్లు భూమ్మీదికి దూసుకొచ్చాయి. భూమిలోని అయస్కాంతం మిగతా చోట్ల వాటిని మెడపట్టి గెంటుతుంది గానీ, ధ్రువాల దగ్గర తలుపులు బార్లా తీసి పెడుతుంది. అన్నీ అక్కడే దూరి, పైగాలిలో నైట్రోజన్‌ని చితక్కొట్టాయి. చితికింది ఊరుకుంటుందా? ఆక్సిజన్‌తో జతకట్టి ఓజోన్ని నమలడం మొదలుపెట్టింది.

తమ్ముడు కొలిచాడు, తగ్గిందని రాసి పంపాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

"లోటు పెట్టుకుని చార్జి ఎలా అప్పగిస్తాడమ్మా?" అన్నాడు నిల్వల అధికారి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"వాడు తిన్నాడా సార్? అది సూర్యుడి పని."

"సూర్యుడా! ఎక్కడుంటాడు?"

"రోజూ పొద్దున్నే మీ కిటికీలోకే వస్తాడు కదండీ."

"వస్తాడు సరే. సంతకం పెడతాడా?"

ముద్దాయి చేతికి చిక్కకపోతే అతను వచ్చిపోయే చోట నోటీసు అంటించాలని నియమం. బంట్రోతు జిగురు డబ్బాతో వచ్చి, ఇద్దరు సాక్షుల ఎదుట తూర్పు కిటికీకి అంటించాడు. కొన్నాళ్ళకి ఎండకి అక్షరాలన్నీ వెలిసిపోయాయి. అధికారి దాన్ని ఊడబీకి అటూ ఇటూ తిప్పి చూశాడు. "చదివేశాడు," అన్నాడు. "ఇక జవాబు రావాలి."

జవాబు రాలేదు, ఓడ వచ్చింది.

"అక్కా, ఓడ కూత వేస్తోందే!" అన్నాడు తమ్ముడు ఫోన్లో.

"ఎక్కెయ్ రా వెధవా, తర్వాత సంగతి నేను చూసుకుంటా."

"ఎక్కితే ఆకాశాన్ని అనాథలా వదిలేసి పారిపోయానని రాస్తారటక్కా. నా బదులొచ్చినవాడు లోటు తన నెత్తినేసుకోనని, దిగిన ఓడే మళ్ళీ ఎక్కేశాడు."

ఓడ వెళ్ళింది. వెనకాలే ఆ ధ్రువంలో సూర్యుడూ దిగిపోయాడు, ఇక చలికాలమంతా రాడు. అధికారి ఫైలు మీద 'ముద్దాయి పరారీ' అని రాయించాడు.

"సార్, ఓజోన్ని తినేవి ఎండ తగిలితే చస్తాయి. చీకటి మాటున బతికిపోయి మెల్లగా కిందికి దిగుతున్నాయి," అని అక్క మొత్తుకుంది.

"అంటే నేరం చేసిందీ ఆయనే, ఆపాల్సిందీ ఆయనే, లేనిదీ ఆయనే! గట్టి కేసమ్మా," అని మెచ్చుకున్నాడు అధికారి.

మరదలికి ఆడపిల్ల పుట్టింది. "వదినా, దీనికి నాన్నని ఎలా చూపించను?" అంది మూడు నెలల బాలింతరాలు.

"ఫోటో పంపాడు కదమ్మా."

"అందులో టోపీ, కళ్ళద్దాలు, మంచు తప్ప మనిషేడి వదినా? మొన్న గోడకి తగిలించిన కోటు చూసి నవ్వింది. అదే నాన్న అని చెప్పి ఊరుకున్నా."

అక్క లేచి ఆ కోటు మీది దుమ్ము దులిపింది.

ధ్రువంలో మళ్ళీ పొద్దు పొడిచింది. ఆ తినేవి ఎండలో ఇంకాస్త నమిలి, ఆ ఎండకే ఒక్కొక్కటిగా నశించాయి. ఓజోను మళ్ళీ నిండుకుండలా అయింది. అక్క చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది.

"లోటు పూడింది సార్! ఇక మావాణ్ణి పంపించండి."

అధికారి కిటికీ వైపు చూశాడు. "తీసినవాడే తెచ్చి పెట్టాడన్నమాట. పెద్దమనిషి." సూర్యుడి మీద కేసు కొట్టేసి, సత్ప్రవర్తనకి మెచ్చుకుంటూ ఇంకో కాగితం అదే కిటికీకి అంటించారు.

"మరి మా తమ్ముడో?"

"నిల్వ సరిగ్గా ఉంటే లోటని రాశాడు కదమ్మా. తప్పుడు సమాచారం. విచారణ తప్పదు."

"అప్పుడు తగ్గింది సార్!"

"అప్పుడు తగ్గిందని ఇప్పుడెలా తెలుస్తుంది? చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉన్నాడు, సూర్యుడు!" అంది అక్క పళ్ళు నూరుతూ.

అధికారి ఎంత న్యాయమూర్తి అంటే, ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఇప్పుడు ముద్దాయి అయిన తమ్ముడి తరఫు సాక్షిగా సూర్యుణ్ణి ఒప్పుకున్నాడు. సాక్షిని నేరం జరిగిన చోటే విచారించాలని కూడా తీర్మానించాడు. వేసవిలో కేంద్రంలో అందరికీ ఊపిరాడని పని కాబట్టి, విచారణని చలికాలం నడిమధ్యకి వేశాడు.