నిమిషస్థాన నక్షత్ర నిర్మూలనము

పాలప్యాకెట్లు గుమ్మములను చేరని, పక్కింటి స్కూటరు దగ్గని, దుప్పటిమహిమ పరాకాష్ఠనందు వెలుగొందు ప్రభాతకాలమున, మూడవ అంతస్తులోని రెండుగదుల ఇంట, నిద్రాసామ్రాజ్యసార్వభౌముడును కీబోర్డుకోదండధారియునగు ప్రోగ్రామరు మహావీరుడు అనుదినము ఒక ఘోరవిపత్తు ననుభవించుచుండెను. ఆరుగంటలకు లేచి, పక్కగదిలోని అత్తగారికి థైరాయిడ్ మాత్ర గుర్తుచేయవలెను. నర్సగు భార్యామణి తెల్లవారకమున్నే డ్యూటీకి పోవుచు ఆ భారము అతని నెత్తిన పెట్టినది.

ఒక సెలవునాడు వీరుడు మీసము లేని చోట మీసము దువ్వి పలికెను. "దేవీ, ఇక నేను లేవను. నా బదులు క్లౌడు లేచును."

"ఫోన్‌లో అలారం పెడితే పోయేదానికి ఇదంతా ఎందుకండీ?"

"అలారము పామరాయుధము. సర్వరు సైతము లేకుండ, మేఘమండలమున ఫంక్షనను ఒక చిట్టి ప్రోగ్రామును నిలిపెద. అది వేళకు తనంతట మేల్కాంచి, మీ అమ్మగారి ఫోనుపై సందేశాస్త్రమును సంధించి, మరల శయనించును."

"మీలాగే అన్నమాట," అని ఆ ఇల్లాలు బట్టలు మడతపెట్టుకొనెను.

సాయంకాలమువరకు సమరము సాగెను. షెడ్యూలునందలి నిమిషము, గంట, తేదీ, నెల, వారమను పంచస్థానములలో గంటస్థానమున ఆరును ప్రతిష్ఠించిన వీరుడు, విజయోన్మాదమున నిమిషస్థానమందలి నక్షత్రమును తొలగించుట మరచెను. ఆ నక్షత్రపు గుర్తునకు అచట 'ప్రతి నిమిషము' అని అర్థము. తత్ఫలితముగా మరునాటి ఉదయము ఆరు మొదలు నిమిషమున కొక్క మారు అత్తగారి ఫోను ఘంటానాదము చేయసాగెను. దుప్పటిలో చెవులు మూసుకొన్నను లాభము లేకపోయెను. కడకు గుమ్మమున అత్తగారు ప్రత్యక్షమయ్యెను.

"అల్లుడుగారూ, ఇరవైసార్లు వేసుకోమన్నారు. ఒకటి వేసుకున్నాను. మిగతా పందొమ్మిదీ మింగమంటారా?"

సిగ్గుతో చచ్చినంత పనైన వీరుడు లంఘించి లాప్‌టాప్ తెరచి, ఆ దుష్టనక్షత్రమును పెరికి, దాని స్థానమున ఒక సున్నను నిలిపెను. మరునాడు ఫోను ఒక్కమారే మ్రోగి మౌనము వహించెను. వీరుడు కన్ను తెరువకయే చిరునవ్వు నవ్వెను.

అంతలో ఎవరో దుప్పటి లాగిరి.

"అల్లుడుగారూ, ఫోన్‌కి ఏదో వచ్చింది. నిన్న చదివి చదివి కళ్లజోడు ఎక్కడో పెట్టేశాను. కాస్త చదివి పెడతారా?"

వీరుడు ఒక కన్ను తెరచెను. "మాత్ర వేసుకోండి అత్తయ్యగారూ."

"అదా. సరే, మీరు పడుకోండి."

ముల్లోకవాసులారా, ఆలకింపుడు. నిన్నమొన్నటిదాక రెండు కాళ్లపై లేచి సాధించిన కార్యమును ఆ మహావీరుడు నేడు ఒంటికంటితో సాధించెను. రెండవ కన్ను తెరువనే లేదు.