మూడో నంబరు బోను

"తాబేలు లేచేదాకా ఆగలేవా?" అని తండ్రి. "అది ఆగుతుంది గానీ నా మధ్యాహ్నం బస్సు ఆగదు నాన్నా" అని కూతురు. "నన్నడిగితే దాన్ని బకెట్లో వేసి, బకెట్టు పెరట్లో పెట్టాలి" అని నాయనమ్మ. స్నానాలగది ముందు వాదన పొంగడానికి సిద్ధంగా ఉంది. వంటింట్లో పాలు అప్పటికే పొంగాయి. ఇల్లాలు పరుగెత్తి దించింది.

విషయం తెలియని పాఠకులు ఉంటారేమోనని మనవి చేస్తున్నాను. మా కాలనీ వాళ్ళం అందరం కలిసి నడుపుకునే జంతు ప్రదర్శనశాల ఒకటుంది. సంరక్షణ, విద్య, స్థానిక కుటుంబాలకు అండ అనే మూడు ఆశయాలూ దాని గేటు మీద పచ్చరంగుతో రాసి ఉంటాయి. పైన వాదన జరిగిన ఇంటి యజమానే దాన్ని నడిపే కమిటీకి అధ్యక్షులు. మిగతా వేళల్లో గడియారాలు బాగుచేస్తారు.

కమిటీ ఎంతో ఆలోచించి ఒక సత్యాన్ని కనిపెట్టింది. జంతువులకు అసలు బెడద సందర్శకులే. కనుక సంరక్షణ అంటే జంతువులను ప్రదర్శనశాల నుంచి కాపాడడమే. ఆ మేరకు తీర్మానం చేసి, ఒక్కో జంతువునూ ఒక్కో ఇంటికి పంపించారు. ముళ్ళపంది ట్యూషన్ మాస్టారింటికి వెళ్ళింది. అప్పటినుంచి పిల్లలు వెనక్కి వాలకుండా నిటారుగా కూర్చుని చదువుతున్నారు. ఇది విద్య. కొండముచ్చును పళ్ళకొట్టాయనకు అప్పగించారు. కొట్లో పళ్ళు మిగలక, ఆయన ఇంటిపట్టునే ఉంటూ భార్యాబిడ్డలతో హాయిగా కాలం గడుపుతున్నాడు. ఇది కుటుంబాలకు అండ. గుడ్లగూబ కాలనీ కావలివాడి ఇంట్లో ఉంటోంది. రాత్రి డ్యూటీ ఇప్పుడు అదే చూసుకుంటోంది.

బోనులు ఖాళీ అయ్యాయని గిట్టనివాళ్ళు కొందరు పుకారు పుట్టించారు. శుద్ధ అబద్ధం. ప్రతి బోనులోనూ ఫ్యాను తిరుగుతోంది, ముందు బోర్డు ఉంది. జనం వచ్చి బోర్డులు చదువుకుని, "ఎంత శుభ్రంగా పెంచుతున్నారో!" అని మెచ్చుకుని పోతున్నారు.

మూడో నంబరు బోనులోని తాబేలు అధ్యక్షులవారి స్నానాలగదికి వచ్చింది. బోను ముందున్న నియమాలనే తలుపుకూ అంటించారు. వేళకు ఆకుకూర పెట్టాలి, ముదురు కాడలు తీసేయాలి. మధ్యాహ్నం విశ్రాంతి. ఆ సమయంలో పిలవరాదు, తట్టరాదు, విసిగించరాదు. ఇంటిల్లిపాదీ తు.చ. తప్పకుండా పాటించారు. తుమ్మితే వీధి చివరిదాకా వినిపించే అత్తగారు సైతం కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మేవారు. ఇల్లాలు కుక్కరు కూత వేయకుండా వండడం నేర్చుకుంది.

ఆమెకు పెళ్ళయిన నాటినుంచీ ఒకటే కోరిక. మధ్యాహ్నం ఒక్క అరగంట నడుం వాల్చాలని. వాల్చినప్పుడల్లా "ఏమేవ్, నా కళ్ళజోడు?" అని భర్త, "అమ్మా, నా రెండో సాక్స్?" అని కూతురు వచ్చేవారు. ఆ తర్వాత అత్తగారు వచ్చి, "పడుకున్నావా?" అని లేపి మరీ కనుక్కునేవారు.

ఇంతలో మర్నాడు ప్రదర్శనశాల చూడడానికి ముఖ్య అతిథి వస్తున్నారన్న కబురొచ్చింది. ఆయనకు ఏదో ఒక బోనులో ప్రాణమున్నది ఏదైనా కనిపించాలట. లేకపోతే ప్రదర్శనశాల మూయిస్తారట. అధ్యక్షులవారు భార్యను మూడో బోను కడగడానికి పంపించారు. స్థానిక కుటుంబమంటే ఆమే కదా.

ఆమె కడిగింది. గచ్చు ఆరేదాకా ఓ మూల కూర్చుంది. ఫ్యాను గాలికి కళ్ళు మూతలు పడ్డాయి. ఇద్దరు సందర్శకులు వచ్చి బోర్డు చదివారు. "ష్! విశ్రాంతి వేళట" అంటూ మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు. ఆమెను దాటి ఒకరు అలా నడవడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం అధ్యక్షులవారు అద్దం ముందు ఉపన్యాసం వల్లెవేసుకున్నారు. "సోదర సోదరీమణులారా! నోరులేని ప్రాణి అలసటను గుర్తించే సంస్కారం ఇంట్లోనే మొదలవుతుంది! ఏమేవ్, మంచినీళ్ళు!"

అందరూ భోజనాలకు కూర్చున్నారు. తాబేలును కదిపితే తన తీర్మానాన్ని తానే ఉల్లంఘించినట్టు. కొండముచ్చు రానంది. "రేపు ఆ బోనులో ఏం పెట్టను?" అని తల పట్టుకున్నారు.

"నేనుంటాను" అంది ఇల్లాలు, కూర వడ్డిస్తూ. తాబేలు నిద్ర చెడకుండా నెమ్మదిగానే అంది. "రేపే కాదు. రేపటినుంచీ."

"మరి వంట?"

"బోర్డు మీదుందిగా. వేళకు మీరే పెట్టాలి. ముదురు కాడలు తీసేసి."

అధ్యక్షులవారు క్షణంలో తేరుకున్నారు. "అయితే బోర్డు మార్చాలి. 'అరుదైన జాతి' అని రాయిద్దామా?"

"అబద్ధమెందుకురా? ఇంటింటికీ ఉండేదే" అన్నారు అత్తగారు. తర్వాత కోడలివైపు వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"ఆ ఫ్యాను కింద ఇద్దరికి చోటుంటుందా?"