మీరేమీ ఫీలవ్వకండి

'ఫీల్' అనే ఇంగ్లీషు క్రియకి మనం చేసినంత మేలు ఇంగ్లీషువాళ్ళు కూడా చేయలేదు! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

నిఘంటువు తిరగేశాను. మొదట్లో ఆ మాటకి అర్థం చేత్తో తాకి చూడడమట. గుడ్డ మెత్తగా ఉందా, పిల్లాడి ఒళ్ళు కాలుతోందా అని చెయ్యి వేసి చూస్తే అది ఫీలవడం. తరవాత సంతోషం, భయం, ప్రేమ అన్నీ వచ్చి అందులో దూరాయి. ఎంత గందరగోళం! మనం శుభ్రంగా ఊడ్చేసి ఒక్క అర్థమే ఉంచాం, నొచ్చుకోవడం. అదీ వద్దని చెప్పడానికే వాడతాం.

పూర్వం "ఏమీ అనుకోకండి" అనేవారు, బుర్రకి సెలవు. ఇప్పుడు "ఫీలవ్వకండి" అంటున్నారు, గుండెకీ సెలవే! ఇంతకన్నా హాయి ఏం కావాలి?

మా ఆడపడుచు "ఫీలవ్వకు వదినా" అని మొదలుపెట్టిందంటే మా పుట్టింటివాళ్ళని ఏడు తరాల దాకా ఉతికి ఆరేస్తుంది. నేను ఫీలయితే తప్పు నాదే, ముందే చెప్పింది కదా! పళ్ళ డాక్టరు కూడా పన్ను పీకే ముందు అదే మాటన్నాడు. కాకపోతే ఆయన మత్తింజెక్షన్ కూడా ఇచ్చాడు, పాపం.

ఇక నా సంగతి. బస్‌స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం నా ఉద్యోగం. అదంటే నాకు ప్రాణం. మొన్న పొద్దున్నే మేనేజరు పిలిచాడు.

"అక్కా, మీరు ఫీలవ్వకూడదు. మీ గొంతు మొత్తం రికార్డు చేసేశాంగా, ఇవాళ్టినుంచి కంప్యూటరే చెప్పేస్తుంది. మీరు లగేజీ గదిలో కూర్చోండి."

"మరి నా మైకు?"

"గొంతు మీదేగా అక్కా! గర్వంగా ఫీలవ్వాలి!"

"ఇప్పుడేగా సార్ ఫీలవ్వొద్దన్నారు?"

ఆయన ఫైల్లో తల దూర్చేశాడు. నేను మాత్రం ఆజ్ఞ మీరలేదు, అస్సలు ఫీలవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నానంటే అది ఏసీ పడక.

బయటికొచ్చి నిలబడ్డాను. ఒక్కరైనా "అయ్యో" అంటారేమోనని చూశాను. క్యాషియరు ఫోన్‌లో మునిగిపోయాడు, గుమాస్తా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో తలమీద స్పీకరు గరగరలాడింది. బస్సేదో ఆలస్యమట. నా గొంతే, ఎంతో మర్యాదగా, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది.

ఆఫీసు మొత్తం మీద నాతో ఆ మాటన్నది అదొక్కటే!