చుక్క తర్వాత జ్వరం

ఆ ఉదయం అల్లుడిగారి పథకం చిన్నదే. పదింటికి పాపకు టీకా వేయించాలి. పోయినసారి జలుబు చేసి వాయిదా పడింది. రేపటినుంచి డాక్టరమ్మకు నెలరోజుల సెలవు. ఒంట్లో జ్వరం లేకపోతేనే సూది అని ఆవిడ ముందే చెప్పింది. ప్రోగ్రాములు రాయడమే వృత్తి కనుక, థర్మామీటరు చూపే అంకెను సందేశంగా మార్చి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపే ప్రోగ్రాం ఒకటి రాసిపెట్టాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని చుక్క తర్వాత అంకెలు తీసేశాడు. దాంతో 98.4 కాస్తా 98గా వచ్చింది. కాసేపటికి 98.6 అయ్యేసరికి 99 అని వచ్చింది.

"పావుగంటలో ఒక డిగ్రీ ఎక్కేసింది!" అత్తగారు గుండె పట్టుకుంది.

"ఎక్కింది రెండు పాయింట్లేనండీ. దగ్గరి అంకెకు సర్దాను, అంతే."

"జ్వరాన్ని కూడా సర్దుతారా బాబూ? ఉన్నదున్నట్టు చూపించండి!"

ఉన్నదున్నట్టు చూపించాడు. 98.6ను కచ్చితంగా పట్టుకోవడం చేతకాని కంప్యూటరు కడుపులో ఉన్నదంతా కక్కింది: 98.599998. అత్తగారు కళ్లజోడు సర్దుకుని చదివి, వెంటనే వాళ్లక్కకు ఫోన్ చేసింది. "అక్కా, చుక్క తర్వాత ఐదు లక్షల తొంభై తొమ్మిది వేల చిల్లర ఉంది! లక్షల్లో జ్వరం ఎక్కడైనా విన్నామా?"

"ఏమండీ, ఈసారి కూడా టీకా తప్పిందో, మీ ప్రోగ్రాంతో పాటు మిమ్మల్నీ తీసేస్తా," అంది భార్య.

అల్లుడికి నిజంగానే భయం వేసింది. చేతులు వణికాయి, చలి పుట్టింది. స్వెట్టరు తొడుక్కుని మళ్లీ కూర్చున్నాడు. దశాంశాలతో గొడవే వద్దనుకుని పదితో గుణించి పూర్ణసంఖ్య చేశాడు. పంపేముందు చుక్క పెట్టాలన్న సంగతి కంగారులో మరిచిపోయాడు.

అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి: 986.

అత్తగారు కుర్చీలో కూలబడింది. ఆ అంకె ఫోన్లో విన్న అక్కగారు అంబులెన్సు పిలిచింది. సైరన్ విని పాప కేరింతలు కొట్టింది. "మీరు ఆ కంప్యూటర్ ముట్టుకున్నారంటే ఊరుకోను!" అంటూ భార్య పాపను ఎత్తుకుని ఎక్కింది. అత్తగారూ అల్లుడూ వెనకే ఎక్కి, బండిని డాక్టరమ్మ దగ్గరికే పోనిమ్మన్నారు.

డాక్టరమ్మ తన గాజు థర్మామీటరు పెట్టి చూసింది. "పాపకేం లేదమ్మా, శుభ్రంగా ఉంది," అని టీకా వేసేసింది. భార్య కళ్లు చెమర్చాయి. అల్లుడు హమ్మయ్య అనుకుంటూ గోడకు చేరగిలబడ్డాడు.

"ఈయనేంటి ఇలా వణుకుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"భయమండీ," అన్నాడు.

ఆవిడ నమ్మలేదు. మరో థర్మామీటరు ఆయన నోట్లో పెట్టి, తీసి చూసింది. "నూట రెండు."

"చుక్క తర్వాత?" అత్తగారు ఆదుర్దాగా అడిగింది.

"చుక్కే లేదమ్మా. సరిగ్గా నూట రెండు."

పొద్దుటినుంచీ ఎవరూ సర్దాల్సిన పని లేని అంకె అదొక్కటే.