పల్లికాయల మూట

ఆ రోజు పొద్దున్నే జయానందం పల్లికాయలు మూట కట్టుకుని పాస్టర్ గారింటికి నడిచి వెళ్ళాలనుకున్నాడు. అంతకుమించి ఆయన పెట్టుకున్న పనేమీ లేదు.

మెదక్ మిషన్ బడిలో సైన్సు చెప్పే జయానందం, మనిషికీ కోతికీ మూలపురుషుడు ఒకడేనని క్లాసులో చెప్పాడు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళి తాతల ముఖాలు శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు. తాతలు ఊరుకుంటారా? బడి నడిపే పాస్టర్ పేతురు గారికి ఫిర్యాదు చేశారు. పెద్దల ముందు సంజాయిషీ ఇవ్వాలి, లేదంటే టేక్మాల్ బడికి పోవాలి అన్నారు పాస్టర్ గారు. జయానందం భార్య నవోమి నిండు చూలాలు. దవాఖాన ఉన్నది మెదక్‌లో. అందుకని ఆయనకు నిద్ర పట్టడం లేదు.

"పల్లికాయలు పెద్దల ముందట కుప్ప పోస్త," అన్నాడు నవోమితో. "కోతులైతే మీద పడి కొట్లాడుతయి. మన పెద్దమనుషులు పంచుకొని తింటరు. సదువు మనిషి లోపటున్న జంతువును ఎట్ల అణిచిందో కండ్ల ముందట చూస్తరు."

నవోమి మూట వైపు చూసింది. "గది మన ఉరికే మూట దుప్పటి గాదుండ్రి?"

అదే. రజాకార్ల భయంతో ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతి తలుపు పక్కనా ఒక మూట ఉండేది, గుప్పెడు బియ్యం, కట్టుబట్టలతో. ఎవరైనా మూటతో పరుగెత్తుతూ కనిపిస్తే మిగతావాళ్ళం మా మూటలెత్తుకుని వెనకే పరుగెత్తాలి. ఎందుకని అడగకూడదు. అంత తెలివైన ఏర్పాటు మాది. వేరే గుడ్డ దొరక్క జయానందం ఆ మూట విప్పేసి, ఆ ఎర్రచారల దుప్పట్లోనే పల్లికాయలు కట్టాడు.

"గది పట్కొని బజార్ల పోకుండ్రి. జనం పరేషానైతరు."

"నేను ఉర్కుతలేను గద, నడుస్తున్న. పల్లికాయలకు బెదురుతరా ఎవలన్న?"

బజారు దాకా నడిచాడు కూడా. అక్కడ ఐలయ్య కిరాణా దుకాణం కప్పు మీద కూర్చున్న ఒక గండుకోతికి పల్లికాయల వాసన తగిలింది. అది దూకి వచ్చి మూట పట్టుకుంది. జంతువుకు వీపు చూపకూడదని, దాని ముందు పరుగెత్తకూడదని జయానందం పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాడు. ఆ సంగతి ఆయనకు మూట విడిపించుకుని చాలా దూరం పరుగెత్తాక గుర్తొచ్చింది.

ఐలయ్యకు కోతి కనిపించలేదు. సారు కనిపించాడు, చంకలో మూట కనిపించింది.

"సారు ఉర్కుతుండు," అన్నాడు పక్క దుకాణం ఎల్లంతో.

"సదువుకున్నోడు ఊకెనే ఉర్కడే. ఆయనకేదో ఖబరు తెల్సినట్టుంది," అన్నాడు ఎల్లం, అప్పటికే తన మూట భుజానికెత్తుకుంటూ.

కాసేపట్లో బజారు మొత్తం కదిలింది. అంతమందిని చూసి కోతి బెదిరి మళ్ళీ కప్పులెక్కింది. చప్పుడు విని జయానందం వెనక్కి చూశాడు. కోతి లేదు. మూటలతో సగం మెదక్ తరుముకొస్తోంది. రజాకార్లు నిజంగానే వచ్చారనుకుని ఆయన ఇంకా వేగం పెంచాడు. ముందున్నవాడికి దారి తెలుసుననుకుని జనం కూడా పెంచారు.

పాస్టర్ గారి ఆవరణలో మామిడిచెట్టు కింద పెద్దలు కుర్చీల్లో గంభీరంగా కూర్చుని ఉన్నారు.

"ఏమైంది జయానందం?" అన్నారు పాస్టర్ గారు.

"వస్తుండ్రు," అని మూట పడేసి జయానందం చెట్టెక్కాడు.

ఎవరొస్తున్నారని ఒక్కరూ అడగలేదు. పెద్దలంతా ఎక్కారు. జయానందం పుట్టి బుద్ధెరిగాక చెట్టెక్కి ఎరుగడు. అరవై దాటిన పాస్టర్ గారైతే పొడవాటి కోటుతో సహా ఎక్కారు. చేతులకూ కాళ్ళకూ ఎవరూ ఏమీ నేర్పనవసరం లేకపోయింది. చోటు దొరకని జనం గోడలెక్కారు.

కొమ్మ మీద ఊపిరి తీసుకున్నాక జయానందానికి ఇంట్లో నవోమి ఉందని గుర్తొచ్చింది. ఆయన పరుగెత్తింది ఇంటికి వ్యతిరేక దిక్కుకు. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దిగుదామని కాలు చాచాడు గాని కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి.

అంతలో నవోమి గొడుగు వేసుకుని మెల్లగా నడుచుకుంటూ గేటులోంచి వచ్చింది.

"ఎవలొస్తుండ్రు?" అని అడిగింది.

"ఊరంత ఉర్కొస్తుంటే చూసి ఎక్కినమమ్మా," అన్నారు పాస్టర్ గారు.

"మేం సారు ఎంబడి ఉర్కినం," అన్నాడు గోడ మీంచి ఐలయ్య.

అందరూ పై కొమ్మ వైపు చూశారు.

"నేను మిమ్మల్ని చూసి ఉర్కిన," అన్నాడు జయానందం.

"మమ్మల్ని చూడకముందు?" అన్నాడు ఐలయ్య.

"కోతిని చూసి."

ఆ కోతి కప్పుల మీదుగా వచ్చి, పాస్టర్ గారి కుర్చీలో కూర్చుని, మూట విప్పుకుని ఒక్కొక్క పల్లికాయే ఒలుచుకుని తింటోంది. తొందరేమీ పడటం లేదు.

"మనిషికి, కోతికి ఏ సంబంధం లేదు," అన్నారు పాస్టర్ గారు కొమ్మను గట్టిగా పట్టుకుని.

"మంచిదయ్యగారూ. జర కిందికి దిగి చెప్పుండ్రి," అంది నవోమి.

ఎక్కడం పూర్వీకుల నుంచి వచ్చింది గాని దిగడం ఎవరికీ రాలేదు. ఐలయ్య గోడ దూకి నిచ్చెన తెచ్చాడు.

పెద్దలు మళ్ళీ కుర్చీల్లో కూర్చుని చాలాసేపు ఎవరి ముఖమూ చూడలేదు. జయానందాన్ని టేక్మాల్‌కు పంపాలా వద్దా అన్న మాట వచ్చింది.

"పంపితే ఎందుకు పంపిండ్రని గక్కడోళ్ళు అడుగుతరు," అన్నాడు పెద్దల్లో ఒకడైన యాకోబు.

అంతే, జయానందం మెదక్‌లోనే ఉండిపోయాడు. పాఠం కూడా మార్చమనలేదు.

ఇంటికి వెళ్ళగానే నవోమి ఎర్రచారల దుప్పటి దులిపి మూట మళ్ళీ కట్టింది. ఈసారి అందులో ఆయన బట్టలు పెట్టలేదు.