సముద్రం చీలిన చోటి పోస్టల్ కోడ్

మానవజాతి చేసిన తప్పుల్లో మొదటిది, దరఖాస్తు లేకుండా అద్భుతాలను జరగనివ్వడం. ఆ తప్పును రెండు వేల సంవత్సరంలో సింగపూర్‌లో మేము సరిదిద్దాం. మేము అంటే బహిరంగ ప్రదర్శనల కంప్యూటరీకరణ విభాగం (పదకొండో అంతస్తు, లిఫ్టు పదో అంతస్తు దాకానే). నేను అందులో సిస్టమ్స్ ఎనలిస్టుని. ఆ రోజుల్లో మౌస్ అంటే ఎలుక కాదని తెలిసిన ప్రతి తెలుగువాడూ సిస్టమ్స్ ఎనలిస్టే.

ఎవరు నాటకం వేయాలన్నా మా ఫారం ఆన్‌లైన్లో నింపాలి. నాటకంలో అద్భుతం ఉంటే దానికో అనుబంధం. అందులో రెండే ప్రశ్నలు. అద్భుతం ఎక్కడ జరిగింది? ఆరంకెల పోస్టల్ కోడ్ తప్పనిసరి. దానికి సహజ కారణం ఏమిటి? ఒక్క మాటలో రాయాలి. జనం అద్భుతం చూసి ఇంటికెళ్లి ఆలోచనలో పడితే మర్నాడు పనికి ఆలస్యమవుతారు. అందుకని మా డైరెక్టరు ఈ ప్రశ్నలు పెట్టించాడు. (ఆయన మాత్రం రోజూ ఆలస్యంగానే వచ్చేవాడు. కారణం అద్భుతం కాదు.)

ఈ అనుబంధం నింపడానికి వచ్చిన మొదటి మనిషి బాబ్జీ. ఉప్పాడ జాలరి, నలభై దాటినవాడు, జురాంగ్‌లో ఒక షిప్‌యార్డులో వెల్డరు. వర్క్ పర్మిట్ మీద ఆరేళ్లయింది వచ్చి. ఊళ్లో ఇసుక మీద అతని పడవ సగం కట్టి ఉంది. ఇంకో రెండేళ్లు ఇక్కడ పనుంటే అది నీళ్లలోకి దిగుతుంది, లేకపోతే అక్కడే చెదలు పడుతుంది. డార్మిటరీలో ఆదివారం ప్రార్థన చేసుకునే పన్నెండు మంది కలిసి, ఇశ్రాయేలీయులు ఫరో బానిసత్వం వదిలి సముద్రం దాటిన కథ ఆడదామనుకున్నారు. బాబ్జీ మోషే.

ఫారం ఇంగ్లీషులోనే ఉంది కనుక నింపిపెట్టడానికి నేను వెళ్లాను. లిటిల్ ఇండియాలో ఒక ఇంటర్నెట్ షాపులో ఇద్దరం కూర్చున్నాం. బయట ఆదివారపు జనం, లోపల చెమట వాసన, తెరుచుకోవడానికి మొరాయిస్తున్న మా వెబ్‌సైటు.

నేను ముందే బోలెడు చదువుకుని వెళ్లాను. అసలది ఎర్ర సముద్రమే కాదట. హీబ్రూలో ఉన్న మాటకి తుంగ సముద్రమని అర్థమట, కాబట్టి తుంగ పెరిగే ఉత్తరపు మడుగేదో అయి ఉంటుందని కొందరు పండితులు. కాదు, సూయెజ్ పక్క ఉప్పు సరస్సులని కొందరు. అకాబా సింధుశాఖ అని ఇంకొందరు. ఇంతమంది ఇంత చదివి ఒక్క పోస్టల్ కోడ్ కనిపెట్టలేకపోయారు. చివరికి వాటర్లూ వీధిలో యూదుల ప్రార్థనాలయం దగ్గర ఒక పెద్దాయనను పట్టుకున్నాను. "ఎక్కడో మాకూ తెలియదు నాయనా," అన్నాడాయన ఇంగ్లీషులో. "మా పెద్దలు చెప్పేది ఒకటే. ముందు ఒకడు నీళ్లలోకి దిగాడు. వాడు ముక్కుదాకా మునిగాక గాని సముద్రం చీలలేదు." ముక్కు చిరునామా కిందికి రాదు కనుక నమోదు చేయలేదు.

"మేం ఆడే గ్రౌండు నెంబరు ఏసేయండి సార్," అన్నాడు బాబ్జీ.

వేశాను. సిస్టమ్ ఆకుపచ్చ టిక్కు పెట్టింది. ఆ క్షణం నుంచీ సముద్రం జురాంగ్ వెస్ట్‌లో చీలింది.

ఇక సహజ కారణం. రాత్రంతా వీచిన తూర్పుగాలి అని ఒక సిద్ధాంతం, ఎక్కడో అగ్నిపర్వతం పేలి అల లేచిందని మరొకటి. నేను రెండూ వివరిస్తుంటే బాబ్జీ జాలిగా చూశాడు.

"గాలీ లేదు, కొండా లేదండి. పాటు సార్. అంతే. పాటు."

నేను కూకట్‌పల్లిలో పుట్టినవాణ్ణి. అప్పటికి సముద్రాన్ని విమానం కిటికీలోంచి తప్ప చూడలేదు. పాటు అంటే ఏమిటని అడగొచ్చు. అడిగితే సారుకి తెలుగు రాదనుకుంటాడు. పాటుపడడం, పాట్లు పడడం విన్నవే కదా. శ్రమ అన్నమాట! ఆరేళ్లుగా ఒళ్లు వంచినవాడి నోట ఎంత గొప్ప మాటొచ్చిందని మురిసిపోతూ 'లేబర్' అని కొట్టి పంపించేశాను.

సిస్టమ్ నాలాగా మురిసిపోయే రకం కాదు. లేబర్ అన్న మాట కనబడగానే దరఖాస్తును తనంత తానే శ్రమ పరిశీలన విభాగానికి పంపింది (ఆ ఏర్పాటు చేసినందుకు నాకు కప్పు బహూకరించారు). నాలుగో రోజున బాబ్జీకి నోటీసు. ఆదివారం నాడు, జురాంగ్ వెస్ట్‌లో, షిప్‌యార్డు కాని వేరే యజమాని తరఫున, సముద్రాన్ని జరిపే పనికి ఒప్పుకున్నట్టు మీరే రాసిచ్చారు. మీ పర్మిట్ ఎందుకు రద్దు చేయకూడదు?

విచారణాధికారి చాముండేశ్వరి. ముత్తాత కాకినాడ నుంచి ఓడెక్కి వచ్చాడు, ఆవిడ ఇక్కడే యీషున్‌లో పుట్టి పెరిగింది, తెలుగు మాట చివర కూడా సింగపూర్ వాళ్ల 'లా' తగిలిస్తుంది. నన్ను సాంకేతిక సాక్షిగా పిలిచారు.

"నిన్ను ఈ పనికి ఎవరు పంపింది?"

"దేవుడండి. అంటే నాటకంలో."

"నాటకం వేరే ఫారం లా. ఇక్కడ లేబర్ అనే ఉంది. మునుపటి బాస్ దగ్గర లెటర్ ఉందా, నువ్వు పోవచ్చు అని?"

"మునుపటి బాసంటే... ఫరోదాండి?"

"ఎవరో ఒకరిది."

"ఆయన లెటరిచ్చేవోడైతే మేం సముద్రం దాకా ఎందుకెళ్తామండి!"

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వడానికి గడి లేదు కాబట్టి ఆపుకుంది. బాబ్జీ చేతులు జోడించాడు.

"అమ్మా, నేను లేబరనలేదండి. పాటన్నాను. పోటొచ్చాక పాటొస్తాది కదండి, సముద్రం ఎనక్కి లాగేత్తాది, నడిచెళ్లిపోవచ్చు. రోజుకి రెండుసార్లు. మా ఊళ్లో పిల్లలకి కూడా తెల్సండి."

గదిలో ఇద్దరూ నా వైపు చూశారు.

"మీరు తెలుగే కదా?" అంది చాముండేశ్వరి. "తప్పు కొట్టారా? అవునంటే ఇప్పుడే క్లోజ్ చేసేస్తా లా. తమ్ముడు పనికి వెళ్లిపోతాడు."

అవును అనడానికి మూడక్షరాలు చాలు. కాని తప్పు ఒప్పుకుంటే తప్పుల ఫారం నింపాలి, దాని నకలు నా ఫైల్లోకి వెళుతుంది. నా పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు ఆ వారమే ఎవరి బల్ల మీదో ఉంది.

"నిఘంటువులో ఆ మాటకి రెండర్థాలూ ఉన్నాయి మేడమ్," అన్నాను. "మా ఫారంలో గడి ఒక్కటే ఉంది."

ఆవిడ కీబోర్డు మీద 'రద్దు' నొక్కింది.

ఛాంగీ విమానాశ్రయానికి బాబ్జీని నేనే తీసుకెళ్లాను. దారంతా నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. లోపలికి వెళ్లేముందు, "పర్లేదు సార్. మీరు మాత్రం ఏం జేత్తారు, కంప్యూటరాయె," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు టాక్సీ స్టాండు దాకా ఉంది.

సోమవారం నాటకానికి అనుమతి వచ్చింది. సహజ కారణం: లేబర్, ఆమోదించడమైనది. మోషే లేడని మిగతా పదకొండు మందీ ఆడలేదు.

ఆ నెలాఖరుకి నా రెసిడెన్సీ వచ్చింది. ప్రార్థనాలయం దగ్గర పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. ముందు ఒకడు ముక్కుదాకా మునిగాడు, సముద్రం చీలింది, నేను దాటాను. ఫ్లాటు జురాంగ్ వెస్ట్‌లోనే, ఆ గ్రౌండు ఎదురుగా. పోస్టల్ కోడ్ కావలసిన పండితులు నాకు రాయవచ్చు.